ఎక్సర్‌సైజ్ సైన్స్ చదివితే జిమ్ ట్రైనరే అవ్వాలా?

ప్రశ్న: నాకు పద్దెనిమిదేళ్లు. ఆరేళ్లుగా వాలీబాల్ ఆడుతున్నాను. ఏడాదిన్నర క్రితం బ్లాక్ చేసి కిందికి దిగేటప్పుడు మోకాలు లోపలికి తిరిగి, కీలును పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. సర్జరీ అయింది. కోలుకునే రోజుల్లో ఒక మేడమ్ నన్ను ఒంటికాలి మీద గెంతించి, ఎంత దూరం గెంతానో టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకునేవారు. బాగున్న కాలితో పోలిస్తే 90 శాతం రానిదే కోర్టులోకి వెళ్లడానికి వీల్లేదన్నారు. అప్పట్నుంచీ నాకు ఆ పనే చెయ్యాలనిపిస్తోంది. యూనివర్సిటీలో ఎక్సర్‌సైజ్ సైన్స్ చదువుతానంటే నాన్న ‘ఎగరడం, దూకడం నేర్చుకోడానికి డిగ్రీ ఎందుకు? చివరికి జిమ్‌లో ట్రైనర్‌వి అవుతావు’ అంటున్నారు. ఫిజియోథెరపీ అయితే సరేనని అమ్మ అంటోంది. నాకు బయాలజీ ఇష్టం, ఫిజిక్స్ అంటే టెన్షన్. మా నాయనమ్మ ఒక్కతే ‘నీ ఇష్టం’ అంటోంది. ఇప్పుడు నేను మునుపటిలా ఆడలేను కూడా. ఆడలేనివాళ్లు ఈ చదువుకు పనికొస్తారా?

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరంలో అన్నిటికంటే నాకు నచ్చింది ఆ టేపు. పెద్ద దెబ్బ తగిలి కోలుకున్న ఆటగాళ్లతో చాలా ఏళ్లు పనిచేశాను. నీ వయసువాళ్లకు ఎక్కువగా గుర్తుండేది నొప్పి, లేదంటే తప్పిపోయిన మ్యాచ్‌లు. నీకు కొలత గుర్తుంది. ఎవరు కొలిచారో, ఎందుకు కొలిచారో, ఎంత శాతం వస్తే సరేనన్నారో ఏడాది దాటినా మర్చిపోలేదు. ఈ చదువుకు నువ్వు పనికొస్తావా అన్న ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

ఆ టేపు గురించే ఇంకాస్త చెబుతాను. కాలు బాగైందా అని నిన్ను అడిగి ఉంటే, ఆడాలన్న ఆత్రంలో మూడో నెలకే బాగైందని చెప్పేదానివి. స్కాన్ చూసినవాళ్లు లిగమెంట్ అతుక్కుందని చెప్పగలరు. గెంతి దిగినప్పుడు ఆ కాలు ఒంటి బరువును మోస్తుందా లేదా అన్నది మాత్రం గెంతించి చూస్తేనే తెలుస్తుంది. బాగున్న కాలితో 150 సెంటీమీటర్లు గెంతితే ఆపరేషన్ అయిన కాలితో కనీసం 135 రావాలి. నీకు చెప్పిన 90 శాతం అదే. ఈ లెక్క అక్కడితో అయిపోదు. మోకాలు సరిగ్గా పనిచెయ్యకపోయినా తుంటి, చీలమండ ఎక్కువ కష్టపడి అదే దూరం గెంతించేయగలవు. పైగా నువ్వు ఇన్ని నెలలు ఆడకుండా ఉంటే బాగున్న కాలు కూడా బలం తగ్గుతుంది. తగ్గిన కాలితో పోల్చి 90 శాతం వచ్చిందని సంబరపడితే తప్పు లెక్కే కదా? అందుకే దూరంతో పాటు తొడ కండరం బలాన్ని విడిగా కొలుస్తారు, దిగేటప్పుడు మోకాలు ఎటు వంగుతోందో వీడియో తీసి చూస్తారు. ఈ పేరా చదువుతుంటే నీకు విసుగొచ్చిందా, లేక ‘అయితే నా మంచి కాలు అప్పట్లో ఎంత తగ్గి ఉంటుంది?’ అని మనసులో లెక్క మొదలైందా? నిజాయితీగా చూసుకో. రెండోదైతే ఈ కోర్సు నీదే.

నాన్నగారి మాటకు వద్దాం. ఆయన కోపంతో అనలేదు, భయంతో అన్నారు. వ్యాయామం అనగానే మనకు చెమట కనిపిస్తుంది, శాస్త్రం కనిపించదు. ఆయనకు లండన్ బస్సుల కథ చెప్పు. 1953లో జెరెమీ మోరిస్, ఆయన తోటివాళ్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే బస్సు, ఒకే రోడ్డు. డ్రైవర్ రోజంతా కూర్చునే ఉంటాడు, కండక్టర్ డబుల్ డెక్కర్ మెట్లు రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండె జబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించింది. కండక్టర్లకు వచ్చినా అంత తీవ్రంగా రాలేదు. అక్కడితో ఊరుకోకుండా, తర్వాత వాళ్లు యూనిఫామ్ ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూశారు. డ్రైవర్ల నడుములు ఎక్కువ చుట్టుకొలతతో ఉన్నాయి. మరి గుండెను కాపాడింది మెట్లెక్కడమా, లేక ఉద్యోగంలో చేరేనాటికే సన్నగా ఉండటమా? తనకు దొరికిన జవాబును తానే అనుమానించి, మళ్లీ కొలవడానికి ప్యాంట్ల దాకా వెళ్లడం చూడు. నాలుగేళ్లూ నీకు నేర్పేది ఆ అలవాటే.

ఇంకో పరిశోధన కూడా చెప్పు, ఇది నాన్నగారి వయసువాళ్లకు ఇట్టే మనసుకెక్కుతుంది. 1966లో డాలస్‌లో ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన అయిదుగురు కుర్రాళ్లను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే కొలత, వీఓటూ మాక్స్ అంటారు, పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు తగ్గించినదానికంటే ఆ మూడు వారాల మంచమే ఎక్కువ తగ్గించిందని తేలింది. ఆపరేషన్ అయిన పేషెంట్లను ఈ రోజుల్లో త్వరగా లేపి నడిపించడం వెనక ఇలాంటి పరిశోధనల బలం ఉంది.

ఇంతకీ క్లాసులో ఏం చదువుతావు? యూనివర్సిటీని బట్టి పేరు మారుతుంది. స్పోర్ట్ సైన్స్ అంటారు, కినీషియాలజీ అంటారు, హ్యూమన్ మూవ్‌మెంట్ సైన్స్ అనీ అంటారు. మూడు నాలుగేళ్ల కోర్సు. మొదటి ఏడాదంతా అనాటమీ, ఫిజియాలజీ, కొంత కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్. ఇక్కడే చాలామంది జారిపోతారు. వ్యాయామం ఇష్టం కదా అని చేరినవాళ్లకు ఎముకల పేర్లు, నరాల దారులు, గ్రాఫులు చూసేసరికి నీరసం వస్తుంది. ఆ తర్వాత ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, ఒంటి కదలికల వెనక బలాల లెక్క చెప్పే బయోమెకానిక్స్, కదలికను మెదడు ఎలా నేర్చుకుంటుందో చెప్పే మోటార్ లెర్నింగ్, స్పోర్ట్స్ సైకాలజీ, పోషణ, మనిషిని పరీక్షించి అతనికి తగిన వ్యాయామం రాసివ్వడం. చివర్లో ఇంటర్న్‌షిప్.

ఫిజిక్స్ టెన్షన్ అన్నావు. ఓ అయిదు కిలోల డంబెల్ పట్టుకుని మోచేతిని సమకోణంలో మడిచి ఆపు. మోచేతి కీలు నుంచి అరచేయి దాదాపు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది. పై చేతి కండరం ముంజేతి ఎముకకు అతుక్కునే చోటు మాత్రం కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. అంటే ఆ డంబెల్‌ను కదలకుండా పట్టుకోవడానికే కండరం దానికి ఏడెనిమిది రెట్ల బలంతో లాగాలి, ముంజేతి సొంత బరువు లెక్క వేరే. బయోమెకానిక్స్ మొదటి సెమిస్టర్‌లో సగం ఇదే. తలుపు గడియ దగ్గర తోస్తే తేలిగ్గా తెరుచుకుని, బందు దగ్గర తోస్తే కదలదే, ఆ సూత్రం. కొండను చూసి భయపడినట్టు భయపడకు. నీ మోకాలి మీదే లెక్కలు చేస్తుంటే ఫిజిక్స్ ఒంటబడుతుంది. స్టాటిస్టిక్స్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. గరిష్ఠ గుండె వేగం కావాలంటే 220 లోంచి వయసు తీసెయ్యమని జిమ్ గోడల మీద చార్టులుంటాయి. నీకు 202 వస్తుంది. అది సగటు మాత్రమే. ఒకే వయసున్న ఇద్దరి నిజమైన గరిష్ఠ వేగానికి మధ్య ఇరవై బీట్ల తేడా ఉండటం మామూలు విషయం. చార్టును నమ్మి ఒకరిని అతిగా పరిగెత్తించవచ్చు, మరొకరిని అసలు కష్టపెట్టకుండానే పంపేయవచ్చు. సగటుకూ మనిషికీ మధ్య ఎంత దూరం ఉంటుందో తెలిసినవాళ్లకే ఆ మనిషిని అప్పగించాలి.

కొలతలే సర్వం అనుకుంటావేమో, నా ఇంటర్న్‌షిప్‌లో జరిగినదొకటి చెప్పాలి. గుండె ఆపరేషన్ అయినవాళ్లకు వ్యాయామం చేయించే విభాగంలో నాది మూడో వారం. ఒక పెద్దాయన ట్రెడ్‌మిల్ మీద మెల్లగా నడుస్తున్నారు. ఎదురుగా గోడకు బోర్గ్ స్కేల్ అట్ట వేలాడుతోంది. శ్రమ ఎంత అనిపిస్తోందో పేషెంటే 6 నుంచి 20 లోపు అంకెలో చెప్పాలి. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన స్కేల్ అది. ఆరుతో మొదలవడం వింతగా ఉంటుంది కానీ, ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో ఆ అంకెను పదితో హెచ్చిస్తే గుండె వేగం ఇంచుమించు వచ్చేలా అలా పెట్టారు. ఈ పెద్దాయన బీటా బ్లాకర్ మందు మీద ఉన్నారు. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు కాబట్టి మానిటర్‌లో అంకెను నమ్మి శ్రమను అంచనా వెయ్యలేం, ఆయన మాటే ఆధారం. ఎంత అనిపిస్తోందండీ అని అడిగాను. ‘11’ అన్నారు, నవ్వుతూ. తేలిక అని అర్థం. నేను ఫైల్లో 11 అని రాసి వేగం పెంచబోయాను.

నా సూపర్‌వైజర్ మేడమ్ అవతలి మూల నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపారు. పెద్దాయన వైపు తిరిగి, ‘మీ మనవరాలు ఏం చదువుతోందండీ?’ అని అడిగారు. ఆయన చెప్పడం మొదలుపెట్టి, రెండు మాటలకే ఆగి ఊపిరి తీసుకున్నారు. అప్పుడు చూశాను, పక్క కడ్డీని పట్టుకున్న ఆయన వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మేడమ్ వేగం తగ్గించారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, ‘ఆయన మర్యాదస్తుడు. నిన్ను ఇబ్బంది పెట్టకూడదని 11 అన్నారు. అంకె రాసేముందు చెయ్యి చూడు, మాట విను’ అన్నారు. ఇన్నేళ్లయినా ఎవరిని ట్రెడ్‌మిల్ ఎక్కించినా నా కళ్లు ముందు వాళ్ల వేళ్ల మీదికే పోతాయి. నీ టేపు పక్కన ఈ వేళ్లను కూడా గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అమ్మగారు అన్న ఫిజియోథెరపీ. రెండూ పక్కపక్క ఇళ్లలాంటివి, గుమ్మాలు వేరు. దెబ్బ ఏమిటో గుర్తించి చికిత్స చెయ్యడం ఫిజియోథెరపిస్ట్ పని. చాలా దేశాల్లో దానికి లైసెన్సు ఉండి తీరాలి. ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీ ఒక్కటే ఉంటే నువ్వు ఆ పేరు పెట్టుకోకూడదు, ఆ పని చెయ్యకూడదు. దీనిమీద మొహమాటం అక్కర్లేదు, అవతలివాళ్ల ఒంటికి సంబంధించిన విషయం. ఎక్సర్‌సైజ్ సైన్స్ వాళ్లు, ఒళ్లు కదలడానికి సిద్ధమయ్యాక దాన్ని ఎంత దూరం, ఎంత బరువుతో, ఎంత వేగంగా ముందుకు తీసుకెళ్లాలో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను మరింత బలంగా చెయ్యడం కూడా వీళ్ల పనే. నొప్పితో వచ్చినవాళ్ల దగ్గర కూర్చోవడం నీకు ఇష్టమైతే అమ్మగారి మాట విను, ఫిజియోథెరపీకే వెళ్లు. నీకు గెంతులు పెట్టిన మేడమ్ ఈ రెండింటిలో ఏది చదివారో నువ్వు రాయలేదు. రెండూ అయ్యుండవచ్చు. ఈ వారంలోనే వెళ్లి అడుగు. అక్కడ దొరికే పది నిమిషాలు నా ఉత్తరమంతటి కంటే విలువైనవి. ఇప్పుడే తేల్చుకోలేకపోయినా దారి మూసుకుపోదు. అమెరికాలో ఫిజియోథెరపీ అంటే, వేరే డిగ్రీ ఒకటి పూర్తయ్యాక చదివే డాక్టరేట్ కోర్సు. దానికి ముందు చాలామంది ఎక్సర్‌సైజ్ సైన్సే చదువుతారు.

ఉద్యోగాల సంగతి. జట్లలో ఆటగాళ్ల బలం, దమ్ము పెంచే స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోచ్, ఆటగాళ్లు ఎంత పరిగెత్తారో ఎంత అలసిపోయారో డేటా చూసే స్పోర్ట్ సైంటిస్ట్, గుండె, షుగర్, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లకు వ్యాయామం రాసే క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్, పెద్దవయసువాళ్లు పడిపోకుండా బ్యాలెన్స్ నేర్పేవాళ్లు, పరిశోధన, బోధన. అందరి కళ్లూ మొదటి రెండింటి మీదే. జట్లు కొన్నే, పోటీ పడేవాళ్లు వేలమంది. నా సలహా, మూడో, నాలుగో పనుల వైపు కూడా ఇప్పట్నుంచే చూపు నిలుపు. వయసు మీదపడేవాళ్లు ప్రతిచోటా పెరుగుతున్నారు, వాళ్లతో ఓపిగ్గా పనిచేసేవాళ్లు తక్కువ.

నాన్నగారు జిమ్ ట్రైనర్ అన్న మాటను చులకనగా అన్నారని నాకు బాధేసింది. ఒక మంచి ట్రైనర్ వారానికి మూడుసార్లు, ఏళ్ల తరబడి ఒకే మనిషిని చూస్తుంది. ఏ డాక్టర్‌కూ అంత సమయం దొరకదు. మెట్లెక్కుతుంటే ఈ మధ్య ఆయాసంగా ఉందన్న మాట చాలాసార్లు ముందు వినేది ఆవిడే. విన్నప్పుడు బరువులు పక్కన పెట్టించి డాక్టర్ దగ్గరికి పంపగలిగితే చాలు. ఆ పని చెయ్యడానికి చదువు ఎక్కువవ్వడమంటూ ఉండదు. అయితే చాలాచోట్ల ట్రైనర్‌గా చేరడానికి డిగ్రీ అడగరన్నది నిజం. చిన్న సర్టిఫికెట్ చాలు. కాబట్టి నీ లక్ష్యం అదొక్కటే అయితే నాలుగేళ్లు ఖర్చు పెట్టాలా అని ఆలోచించడంలో తప్పులేదు.

డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన అన్ని తలుపులూ తెరుచుకోవు. చాలా పనులకు దానిమీద ఇంకో పరీక్ష రాయాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, 1978లో మొదలైన నేషనల్ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ అసోసియేషన్ లాంటి సంస్థలు ఆ పరీక్షలు పెడతాయి. ఈ రెండో సంస్థ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోచ్‌లకు ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్‌కు డిగ్రీ ఉండి తీరాలి. ఆస్ట్రేలియాలో గుర్తింపు పొందిన ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టులను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్ కూడా గుర్తిస్తుంది. నువ్వు ఏ దేశంలో పనిచెయ్యాలనుకుంటున్నావో అక్కడ ఏ గుర్తింపు అడుగుతారో ముందు చూసుకుని, ఆ గుర్తింపుకు దారితీసే కోర్సులో చేరు. తర్వాత చూద్దాంలే అనుకుంటే రెండేళ్లు వృథా అవుతాయి, అలా అయినవాళ్లను చూశాను.

కష్టం కూడా దాచను. ఈ రంగంలో పని తెల్లవారుజామున, సాయంత్రాల్లో, సెలవురోజుల్లో ఉంటుంది. మిగతావాళ్లకు ఖాళీ దొరికినప్పుడే కదా వ్యాయామానికి వచ్చేది! మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ, జట్లలోనైతే జీతం లేకుండా పనిచేయమని అడిగేవాళ్లూ ఉంటారు. పైచదువు లేకుండా ఎదగడం కష్టం. ఇవన్నీ అమ్మానాన్నలతో ముందే మాట్లాడు. ఇంట్లో దాచిపెట్టి చేరితే మొదటి ఇబ్బందికే ‘మేం చెప్పలేదా’ అన్న మాట వినాల్సి వస్తుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడు భవనాలు, మెషిన్ల ఫొటోలు చూసి మోసపోకు. అక్కడ ఇప్పుడు చదువుతున్నవాళ్లను పట్టుకుని ఒకే ప్రశ్న వెయ్యి: ‘ఒక మనిషిని నీ చేతులతో మొదటిసారి పరీక్ష చేసింది ఏ సెమిస్టర్‌లో?’ రెండో సెమిస్టర్, మూడో సెమిస్టర్ అంటే మంచి చోటే. ఆఖరి ఏడాది అంటే, గెంతి దిగే బలాన్ని కొలిచే ఫోర్స్ ప్లేట్లు అద్దాల గదిలో తళతళలాడుతున్నా సరే, ఇంకోచోటు చూసుకో. ఇంటర్న్‌షిప్ గంటలు ఎన్ని, వాటిని యూనివర్సిటీయే ఏర్పాటు చేస్తుందా, నువ్వే వెతుక్కోవాలా అని కూడా అడుగు.

ఇక నీ చివరి ప్రశ్న. ఆడలేనివాళ్లు పనికొస్తారా అని అడిగావు, ఆ వాక్యం రాసేటప్పుడు ఎంత బాధపడ్డావో తెలుస్తూనే ఉంది. పనికొస్తారు. ఈ చదువులో పరీక్షించేది నీ గెంతును కాదు. ఇంకొకరి గెంతును నువ్వు ఎలా చదివావో చూస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. దెబ్బ తిని వచ్చినవాళ్లకు ప్రతి మోకాలిలోనూ తమ మోకాలే కనిపిస్తుంది. నీకు పనిచేసిన వ్యాయామం అందరికీ పనిచేస్తుందనిపిస్తుంది. అది వదిలించుకోవడానికి కొంత కాలం పడుతుంది. మిగతా విషయాల్లో నీ దెబ్బ నీకు సాయమే. ఒకే ఆట ఆడేవాళ్లలో ఏసీఎల్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లోనే ఎక్కువ. దూకి దిగే పద్ధతి, బలం, బ్యాలెన్స్ నేర్పే వార్మప్ క్రమం తప్పకుండా చేయిస్తే వాటిలో దాదాపు సగం ఆపవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా ఎన్నో జట్లలో ఇప్పటికీ రెండు రౌండ్లు పరిగెత్తించి వార్మప్ అయిపోయిందంటారు. నువ్వు ఆడినన్నాళ్లూ నీకు దిగడం ఎవరైనా నేర్పారా? నాకు అనుమానమే. పన్నెండేళ్ల పిల్లలకు అది నేర్పడానికి, ఎందుకు నేర్చుకోవాలో నమ్మేలా చెప్పడానికి నీకంటే తగినవాళ్లు ఎవరుంటారు?

దరఖాస్తు పంపేలోపు ఒక పని చెయ్యి. నీ ఇష్టమన్న నాయనమ్మ ఉన్నారు కదా, ఆవిడకు గుండె జబ్బు, కళ్లు తిరగడం లాంటివి ఉంటే డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసి, ఆవిడను చేతులు ఛాతీ మీద కట్టుకుని కూర్చోమను. 30 సెకన్లలో పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం ఎన్నిసార్లు చెయ్యగలిగారో లెక్కపెట్టు. నువ్వు పక్కనే నిలబడు, ఆయాసమొస్తే ఆపెయ్యి. ముసలివాళ్ల కాళ్ల బలం చూడటానికి ఈ రంగంలో నిజంగానే వాడే పరీక్ష ఇది. ఆ తర్వాత వారానికి మూడు రోజులు, కూర్చుని లేవడమే కొద్దికొద్దిగా పెంచుతూ చేయించు. ఏ రోజు ఎన్నో, ఏ రోజు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో తేదీ వేసి రాయి. ఎనిమిది వారాలయ్యాక అదే కుర్చీ, అదే గోడ, అదే 30 సెకన్లు. మొదటి అంకె, చివరి అంకె, మధ్యలో ఆవిడ అన్న మాటలు నాకు రాసి పంపు.